స్టార్ హోటల్ ఆఫర్ ఒకవైపు, వీకెండ్ డ్రమ్స్ ఇంకోవైపు: కార్పొరేట్ కిచెన్ వదలాలా?

తెడ్డు_స్టిక్ (హైదరాబాద్)

నమస్తే అండి. నేను ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక ఐటీ కంపెనీ కెఫెటేరియాలో సూ చెఫ్‌ని, అంటే పెద్ద చెఫ్ తర్వాతి స్థానం. కంపెనీ ఉద్యోగిని కాదు, కేటరింగ్ కాంట్రాక్టర్ మనిషిని. మంగళ, బుధ, గురువారాల్లో మధ్యాహ్నం పద్దెనిమిది వందల ప్లేట్లు లేస్తాయి. శుక్రవారం అందులో సగం కూడా ఉండవు, అందరూ ఇంటి నుంచే పని. శని, ఆదివారాలు కిచెన్‌కి తాళం.

ఆ రెండు రోజులూ నేను డ్రమ్స్ వాయిస్తాను. మాది నలుగురి బ్యాండ్. సినిమా పాటలే, మా పద్ధతిలో. గిటారిస్టు మా కౌంటర్ దగ్గరే పరిచయం, రోజూ పెరుగన్నం రెండోసారి అడిగే మనిషి. నెలకి ఒకటో రెండో ప్రోగ్రాములు దొరుకుతాయి, డబ్బులు పెట్రోలుకీ జామ్‌ప్యాడ్ (బ్యాండ్ ప్రాక్టీస్ గది) అద్దెకీ సరిపోతాయి. అంతకు మించి ఆశ లేదు.

ఇప్పుడు ఒక స్టార్ హోటల్ బాంక్వెట్ (పెళ్ళిళ్ళు, ఫంక్షన్ల విందులు) కిచెన్ నుంచి పిలుపు వచ్చింది. జీతం మూడోవంతు ఎక్కువ, పైగా సర్వీస్ చార్జ్‌లో వాటా. రెజ్యూమెలో ఆ పేరు ఉంటే రేపు క్రూజ్ షిప్ అయినా దుబాయ్ అయినా దారి సులువు. మా నాన్నగారు "ఇంకా ఆలోచనేంట్రా" అంటున్నారు. నా టెన్షన్ ఒకటే. బాంక్వెట్ అంటే పనంతా శని, ఆదివారాల్లోనే.

హోటల్లో చేస్తూ బ్యాండ్‌లో వాయిస్తున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? "హాబీ కోసం కెరీర్ వదులుకుంటావా" అనేవాళ్ళు కూడా చెప్పండి, కాకపోతే కారణంతో చెప్పండి.

బ్రేక్‌షిఫ్ట్_మాజీ (సికింద్రాబాద్)

తమ్ముడూ, నేను హోటల్ లైన్లో కమీ 3 (అన్నిటికంటే కింది మెట్టు కుక్) నుంచి మొదలుపెట్టి సి.డి.పి. (ఒక సెక్షన్ చూసుకునే చెఫ్) దాకా చేసి బయటికొచ్చాను. డ్రమ్స్ రావు కానీ కీబోర్డ్ వాయించేవాణ్ణి. "వాయించేవాణ్ణి" అని ఎందుకు అంటున్నానో చదివితే అర్థమవుతుంది.

హోటల్లో బ్రేక్ షిఫ్ట్ అని ఒకటుంటుంది. పొద్దున పదికి ఎక్కి మూడింటికి దిగుతావు, మళ్ళీ సాయంత్రం ఆరున్నరకి ఎక్కి పన్నెండింటికి దిగుతావు. మధ్యలో మూడున్నర గంటలు నీవే అంటారు. ఇంటికి పోయి రావడానికి చాలవు, పడుకోవడానికి లాకర్ రూమ్ బెంచీ ఒక్కటే గతి. బాంక్వెట్‌లో అదీ ఉండదు. ముహూర్తాల సీజన్లో రాత్రి రిసెప్షన్ సర్దేసరికి ఒంటి గంట, తెల్లారి ఆరింటికి పెళ్ళివారి టిఫిన్. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం, కార్తీకం... క్యాలెండర్‌లో మంచి రోజులన్నీ మనకి చెడ్డ రోజులే.

వారానికి ఒక ఆఫ్ ఇస్తారు. అది మంగళవారమో బుధవారమో పడుతుంది. ఆ రోజు నీ గిటారిస్టు ఆఫీసులో ఉంటాడు.

ఒక్క ప్రశ్న వేసుకో. డిసెంబర్ 31 రాత్రి నువ్వెక్కడ ఉండాలనుకుంటున్నావు? సంవత్సరం మొత్తంలో డ్రమ్మర్‌కి ఎక్కువ డబ్బు వచ్చే రాత్రి అదే. హోటల్లో ఎవరికీ సెలవు దొరకని రాత్రి కూడా అదే. కెఫెటేరియాలో ఆ రాత్రికి గిన్నెలు కడిగి బోర్లించి ఉంటాయి.

పకోడి_ఫిల్

గిన్నెల మీద వాయించుకో బ్రో, రెండూ కలిసొస్తాయి 😄

తెడ్డు_స్టిక్

@పకోడి_ఫిల్ ఈ జోకు మా ఇంట్లో ప్రతి పెళ్ళికీ, ప్రతి పుట్టినరోజుకీ వినిపిస్తుంది. శివమణి గారు సూట్‌కేసు మీదా నీళ్ళ క్యాన్ మీదా వాయిస్తే జనం లేచి నిలబడతారు. నేను కిచెన్‌లో మూత మీద రెండు దెబ్బలు వేస్తే మా ఎగ్జిక్యూటివ్ చెఫ్ లేచి నిలబడతాడు. రెండూ ఒకటి కాదు.

@బ్రేక్‌షిఫ్ట్_మాజీ అన్నా, 31 సంగతి నిజంగా నా బుర్రకి తట్టలేదు. థాంక్స్.

దోహా_మెస్ (ఖతార్, మాది జగిత్యాల)

అన్నా, నేను గల్ఫ్‌లో లేబర్ క్యాంప్ మెస్‌లో చేస్తా. మీరు 1800 అంటే నవ్వొస్తుంది, మా క్యాంపులో మూడు పూటలు, నాలుగు దేశాల వంట. నేపాలోళ్ళకు పప్పు పలుచగ, కేరళోళ్ళకు లావు బియ్యం, మనోళ్ళకు పచ్చిపులుసు లేకుంటే ముద్ద దిగదు. పన్నెండు గంటల డ్యూటీ. శుక్రవారం సెలవు, అది కూడా ఒక్కోసారి.

నాకు డప్పు వచ్చు. మా తాత, మా నాయిన వాయించినోళ్ళే. ఇక్కడ డప్పు కొడితే రూములో ఎనిమిది మంది లేస్తరు, అందులో నలుగురు నైట్ డ్యూటీ చేసి పండుకున్నోళ్ళు. అందుకని రబ్బరు ప్రాక్టీస్ ప్యాడ్ ఒకటి కొనుక్కున్న. దాని మీద సిర్ర, సిటికెన పుల్ల పట్టుకుని కొడుత. నిప్పుల సెగకు కాచిన తోలు ఇచ్చే కంగు రాదు, అది వేరే. చెయ్యి మాత్రం మరువదు.

నేను చెప్పేది ఏంటంటే, రెండు రోజులు వరుసగ సెలవు ఉన్న వంట పని ఈ లోకంలో మీకొక్కరికే దొరికినట్టుంది. దాని విలువ జీతంలో కలిపి చూడుండ్రి.

డబుల్_కిక్ (డ్రమ్స్ నేర్పుతాను, బెంగళూరు)

నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళ బ్యాచ్‌లో ఇద్దరు కుక్‌లు ఉన్నారు. వాళ్ళకి టైమింగ్ బాగా వస్తుందని గమనించాను. వంటలో అలవాటైన లయే స్టిక్స్‌లోకి వస్తుంది అనుకుంటాను. అందుకని నా సలహా, ఏ కిచెన్‌లో ఉన్నా మీ టెంపో మీతోనే ఉంటుంది, ఉద్యోగం మారినా ఏం పోదు.

తెడ్డు_స్టిక్

@డబుల్_కిక్ గురువుగారూ, గౌరవంతోనే చెప్తున్నా, నేను ఒప్పుకోను. వంటలో టైమింగ్ వేరు, డ్రమ్స్‌లో టైమింగ్ వేరు. డ్రమ్స్‌లో ముందుకే పోతాం. వంటలో వెనక్కి లెక్క.

కౌంటర్ 12:30కి తెరుచుకుంటుంది. అక్కడి నుంచి వెనక్కి రండి. బెండకాయ వేపుడు చివరిది, ముందే చేసి మూత పెడితే ఆవిరికి మెత్తబడి జిగురొస్తుంది. అది 12 దాటాక, అదీ మూడు విడతలుగా. అన్నం ఒకేసారి వండితే రెండింటికి తినడానికి వచ్చేవాడికి ముద్దే దొరుకుతుంది, కాబట్టి అదీ మూడు విడతలే. మామూలు రోజు మనిషికి 100 గ్రాముల బియ్యం, పక్కన బిర్యానీ ఉంటే 70. పప్పు మనిషికి 30 గ్రాములు, అంటే 1800 మందికి కందిపప్పే 54 కిలోలు. అది తొమ్మిదింటికి ఉడకడం మొదలవ్వాలి, తాలింపు మాత్రం కౌంటర్‌కి పంపే ముందు. సాంబారుకి చింతపండు నానేది అంతకంటే ముందు. టిఫిన్ 7:30కి కాబట్టి నేను ఐదింటికల్లా కిచెన్‌లో ఉంటాను. వడపిండి రుబ్బడం, చట్నీలు రాత్రి షిఫ్ట్ వాళ్ళ పని.

ఈ మధ్యలో బెయిన్ మేరీలో (వంటని వేడిగా ఉంచే వేడినీళ్ళ తొట్టి) పెట్టిన ప్రతి గిన్నెకీ ప్రోబ్ గుచ్చి టెంపరేచర్ చూసి రిజిస్టర్‌లో రాయాలి. వేడివి 60 డిగ్రీల పైన, చల్లనివి 5 లోపు. నూనెకి ఇంకో పుస్తకం. టోటల్ పోలార్ కాంపౌండ్స్ (నూనె పదేపదే కాగితే పేరుకునే పదార్థాలు) 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జులై నుంచి రూల్. వడలు వేగే రోజు మీటర్ ముంచి చూస్తూనే ఉంటాం. ఇందులో లయ ఎక్కడుంది చెప్పండి? ఇదంతా స్టేషన్ మాస్టర్ పని.

చేతి సంగతైతే ఇంకా తేడా. కిచెన్ నా డ్రమ్స్‌ని పాడుచేస్తుంది, బాగుచేయదు. ముప్పై కిలోల రవ్వ ఉప్మా కలపాలంటే తెడ్డుని పిడికిలి బిగించి పట్టాలి, భుజం నుంచి తొయ్యాలి. వదులుగా పట్టావా, అడుగంటుతుంది. స్టిక్‌ని అలా బిగించి పడితే దెబ్బ పడ్డాక తిరిగి లేవదు, రోల్ (ఆగకుండా వచ్చే దెబ్బల వరస) అక్కడికక్కడే చచ్చిపోతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య స్టిక్ ఆడాలి, మిగతా మూడు వేళ్ళు ఊరికే తోడుండాలి. శనివారం పొద్దున మొదటి అరగంట నా కుడిచెయ్యి తెడ్డు పట్టినట్టే పడుతుంది. మెట్రోనోమ్ (తాళం టిక్కు టిక్కుమనే యంత్రం) నిమిషానికి 60లో పెట్టి సింగిల్ స్ట్రోక్స్ (చెయ్యి మార్చి చెయ్యి ఒక్కో దెబ్బ) కొట్టి కొట్టి ఆ బిగువు వదిలించుకుంటాను. విచిత్రం ఏంటంటే ఎడమ చెయ్యి ముందు దారిలోకి వస్తుంది, వారమంతా దానికి పని తక్కువ కాబట్టి.

డబుల్_కిక్

స్టేషన్ మాస్టర్ మాట బాగుంది, ఒప్పుకున్నాను. సింగిల్స్‌తో పాటు పారడిడిల్ కూడా పెట్టండి. కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ. డబుల్ దెబ్బలో రెండోది బౌన్స్ మీదే రావాలి కాబట్టి బిగిస్తే వెంటనే దొరికిపోతారు. స్టిక్స్ ఏం వాడుతున్నారు? బరువు పని చేసే చేతులకి చాలామంది లావు స్టిక్స్ కొంటారు, అది తప్పు. 5ఎ (మధ్యరకం సైజు) చాలు.

తెడ్డు_స్టిక్

5ఎ యే సార్.

కింది_ఫ్లోర్ (మియాపూర్)

డ్రమ్మర్లు అందరూ ఒకచోట దొరికారు కాబట్టి అడుగుతున్నా. మా పై ఫ్లాట్ అబ్బాయి ఎలక్ట్రానిక్ కిట్ కొన్నాడు. "హెడ్‌ఫోన్స్ అంకుల్, మీకేం వినపడదు" అన్నాడు. పైన ఏం వినపడదో నాకు తెలీదు, కింద మాత్రం "డుబ్, డుబ్, డుబ్" అని నా మంచం మీద కొట్టినట్టుంటుంది. ఇవి ఎందుకు వస్తాయి? అసోసియేషన్‌లో పెడితే ఏమైనా రూల్ ఉందా?

బ్రేక్‌షిఫ్ట్_మాజీ

అంకుల్, ఇక్కడ ఒకడి జీవితం తేలుస్తున్నాం, మీరు మంచం తెచ్చారు.

డబుల్_కిక్

పరవాలేదు, ఇది ప్రతి డ్రమ్మరూ తెలుసుకోవాల్సింది. ఎలక్ట్రానిక్ కిట్‌లో చేతుల చప్పుడు పెద్దగా రాదు. సమస్య కిక్ పెడల్. కాలితో తొక్కిన ప్రతిసారీ ఆ అదురు స్టాండ్ గుండా నేలలోకి, స్లాబ్ గుండా మీ గదిలోకి దిగుతుంది. అది గాలిలో వచ్చే శబ్దం కాదు కాబట్టి తలుపులు మూసినా ఆగదు. కార్పెట్ వేసినా అంతంతమాత్రమే.

మందు ఉంది. రెండు ప్లైవుడ్ పలకల మధ్య టెన్నిస్ బంతులు పెట్టి చిన్న వేదిక చేసుకోవాలి. కింది పలకలో బంతి కదలకుండా గుంతలు కోయాలి, పలకలు గోడకి తగలకూడదు. కిట్, స్టూలు రెండూ దాని మీదే ఉండాలి. వడ్రంగికి బొమ్మ గీసి ఇస్తే ఒక పూటలో చేస్తాడు.

రూల్ అంటారా, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45. కానీ ముందు బంతుల సంగతి ఆ అబ్బాయికి చెప్పండి. చాలామందికి కింద ఇంత వినపడుతుందని తెలియనే తెలియదు.

చెఫ్_గారి_ఇల్లాలు (విజయవాడ)

బాబూ, నేను చెఫ్ భార్యని, కాబట్టి రెండో వైపు చెప్తాను. అందరూ కార్పొరేట్ కిచెన్ స్వర్గం అన్నట్టు రాస్తున్నారు.

2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే మావారి కెఫెటేరియా మూతపడింది. ఆఫీసులు తెరిచినా జనం రాలేదు. తినేవాళ్ళే ఇంట్లో ఉంటే వండేవాళ్ళకి పనేముంటుంది? హోటళ్ళు అంతకుముందే పార్సిళ్ళతో లేచాయి, కెఫెటేరియాలు చాలాకాలం లేవలేదు. మేము ఇంట్లోనే ఆదివారాలు చికెన్ పలావ్ వండి అపార్ట్‌మెంట్లకి ఇచ్చి గట్టెక్కాం. నేను ఆర్డర్లు రాసుకునేదాన్ని, ఆయన గుండిగ దించేవారు.

అదీ కాక కాంట్రాక్టర్ పని అంటే టెండర్ ఉన్నన్నాళ్ళే. కంపెనీ వాళ్ళు వెండర్‌ని మారిస్తే నువ్వు కొత్త వెండర్ దగ్గర చేరాలి, లేదా పాత వెండర్ ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్ళాలి. ఆ "ఎక్కడికో" ఊరి బయట ఫ్యాక్టరీ క్యాంటీన్ కావచ్చు, మూడు షిఫ్టులు కావచ్చు. అప్పుడు శని, ఆదివారాలు నీవి కావు.

అందుకని శని, ఆదివారాలు సెలవు అన్నది నీ ఉద్యోగంలో ఉన్న హక్కు అనుకోకు. ఇప్పుడున్న సైట్‌లో ఉన్న వసతి, అంతే. ముందు కాంట్రాక్ట్ ఎప్పటి వరకో కనుక్కో.

తెడ్డు_స్టిక్

అక్కా, మీరు చెప్పింది అక్షరాలా నిజం. మా సైట్ కాంట్రాక్ట్ వచ్చే ఏడాది రెన్యువల్‌కి వస్తుంది. ఎవరూ దాని గురించి మాట్లాడరు, కానీ ఆడిట్ ఉన్న వారం అందరి టోపీలూ సరిగ్గా ఉంటాయి, అక్కడే తెలిసిపోతుంది.

ఆదివారం_బీట్ (రాజమండ్రి)

నేను చర్చిలో డ్రమ్స్ వాయిస్తా, అక్కడే నేర్చుకున్నా. మా వైపు సగం మంది డ్రమ్మర్లకి మొదటి కిట్ చర్చిదే. ఇంట్లో కిట్ కొనే స్తోమత ఎవరికుంటుంది, పెట్టుకునే చోటు ఎవరికుంటుంది.

నాది కూడా వంట పనే, హాస్టల్ మెస్. మా వార్డెన్‌తో ముందే మాట్లాడుకున్నా: ఆదివారం పొద్దున టిఫిన్ నాది కాదు, దానికి బదులు శనివారం రాత్రి, ఆదివారం రాత్రి రెండూ నేనే. రాతలో ఏం లేదు, మాట మీదే నడుస్తోంది. హోటల్ వాళ్ళని కూడా అడిగి చూడండి, అడిగితే పోయేదేముంది.

బ్రేక్‌షిఫ్ట్_మాజీ

హాస్టల్ వార్డెన్ వింటాడు బాబూ. బాంక్వెట్ చెఫ్‌ని "శనివారం సాయంత్రం నాకు షో ఉంది" అని అడిగితే "నాకూ ఉంది, ఆరు వందల మందితో" అంటాడు.

ప్యాడ్_గుంటూరు

నేను ఆర్కెస్ట్రాలో ఆక్టాప్యాడ్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్) ప్లేయర్‌ని. ఇది వేరే కోణం. మీ బ్యాండ్ పబ్బుల్లో వాయిస్తుందా, ఫంక్షన్లలోనా? ఫంక్షన్లయితే మీకు పని పడే రోజులు కూడా ముహూర్తాలే. మేము స్టేజి మీద, మీరు వెనక వంట దగ్గర, ఒకే పెళ్ళి. అందుకే బాంక్వెట్ వాళ్ళలో మా లైన్ వాడు ఒక్కడూ కనపడడు.

ఇంకో మాట. పూర్తి కిట్ మోసుకెళ్ళే బాధ ఉంటే ప్యాడ్ నేర్చుకోండి. ఒక్క పెట్టెలో డోలు, డోలక్, తబలా, కిట్ అన్నీ ఉంటాయి. స్కూటర్ మీద ముందు పెట్టుకుని పోవచ్చు. సినిమా పాటలకి కిట్ కంటే ఇదే అతుకుతుంది, కోప్పడకండి.

డబుల్_కిక్

కోప్పడతాను. ప్యాడ్ మంచిదే కానీ దానికి కాళ్ళు లేవు. డ్రమ్స్ అంటే నాలుగు అవయవాలు.

ప్యాడ్_గుంటూరు

కిక్ పెడల్ తగిలించుకోవచ్చు సార్, వెనక జాక్ ఉంటుంది.

మార్ఫా_గల్లీ (ఏసీ గార్డ్స్, హైదరాబాద్)

ఈ ఊర్లో కూర్చుని ఇంత మంది తాళం గురించి మాట్లాడి ఒక్కరూ మా మార్ఫా దరువు పేరెత్తలేదు. నిజాం కాలంలో ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌లో పనిచేసిన సిద్దీల వారసుల బస్తీ మాది, ఆ గార్డ్స్ పేరే ఈ ఏరియాకి. అటు బార్కస్ ఏరియా అరబ్బులవి, ఇటు మావి, ఈ దరువులే ఊరంతా పాకి పెళ్ళి బరాత్‌లలో తీన్మార్ అయ్యాయి. మా దగ్గర వాయించేవాళ్ళలో వెల్డర్ ఉన్నాడు, ఆటో అన్న ఉన్నాడు, దమ్ బిర్యానీ వండే పకీర్ కూడా ఉన్నాడు (అది ఊళ్ళో పిలిచే పేరే, అసలు పేరు చెప్తే కొడతాడు). ఆ వంటాయన పొద్దున దేగ్ దించి, సాయంత్రం బరాత్‌కి వస్తాడు. అతను ఎవరి దగ్గరా నౌకరీ చేయడు, ఆర్డర్ నచ్చితే ఒప్పుకుంటాడు, లేకపోతే లేదు.

భాయ్, నువ్వు రెండు నౌకరీల మధ్యే ఎందుకు చూస్తున్నావు?

తెడ్డు_స్టిక్

సొంత కేటరింగ్ అంటే మళ్ళీ ముహూర్తాలే కదా భాయ్. మీ పకీర్ గారికి ఉన్న పేరు నాకు లేదు, ఆర్డర్ వద్దనే ధైర్యమూ లేదు. బ్యాంకు లోను మాత్రం ఉంది.

ఫిజియో_వైజాగ్

ఉద్యోగం సంగతి మీరు తేల్చుకోండి, చేతుల గురించి ఒక మాట. తెడ్డు, కత్తి, స్టిక్ మూడూ ఒకే చోటుకి పని పెడతాయి, బొటనవేలి మొదట్లో మణికట్టు దగ్గర ఉండే నరాల్లాంటి పట్టీలకి (టెండన్స్). బొటనవేలిని లోపల పెట్టి పిడికిలి మూసి, పిడికిలిని చిటికెన వేలి వైపు కిందికి వంచి చూడండి. ఆ మూల భరించలేనంత నొప్పి లేస్తే డీ క్వెర్వేన్ అనే సమస్య ఉండొచ్చు, డాక్టర్‌కి చూపించండి. రాత్రి నిద్రలో వేళ్ళు తిమ్మిరెక్కి లేపేస్తుంటే అది వేరే, కార్పల్ టన్నెల్ అయ్యుండొచ్చు, దాన్ని అసలు వాయిదా వేయొద్దు. శనివారం వాయించే ముందు గోరువెచ్చటి నీళ్ళలో చేతులు పెట్టి మెల్లగా తిప్పండి. ప్రాక్టీస్ మొత్తం ఒకే రోజు కుక్కడం కంటే రోజూ ఇరవై నిమిషాలు ప్యాడ్ మీద కొట్టడం చేతికి మేలు.

చెవుల మాటేమిటి? 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండొచ్చు అని అమెరికా వాళ్ళ నియోష్ (పనిచోట ఆరోగ్యం, భద్రత చూసే సంస్థ) లెక్క. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ టైమ్ సగం అవుతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి పావుగంటే. చిన్న గదిలో అసలు డ్రమ్ కిట్ 100 సులువుగా దాటుతుంది. కిచెన్‌లో ఎగ్జాస్ట్ హోరు విని, మళ్ళీ జామ్‌ప్యాడ్‌లో రెండు గంటలు ఉత్త చెవులతో కూర్చోకండి. ఇయర్ ప్లగ్స్ పెట్టుకోండి.

హైజీన్_ఆడిటర్

నేను కిచెన్ ఆడిట్లు చేస్తాను. ఇది ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నా. డ్రమ్మర్ల వేళ్ళకి బొబ్బలు వస్తాయి, చూపుడువేలి పక్కన, బొటనవేలి లోపల. అవి పగిలితే మీకు చిన్న సంగతి, మాకు కాదు. పగిలిన చర్మంలో స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. అది పెరుగన్నంలోకో సలాడ్‌లోకో పోయి బయట వేడిలో ఉంటే విషం తయారు చేస్తుంది. ఆ విషం మరిగించినా పోదు. బ్యాక్టీరియా చస్తుంది, విషం ఉంటుంది. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు.

సోమవారం పొద్దున బొబ్బతో వస్తే సూపర్‌వైజర్‌కి చెప్పండి. నీలం రంగు ప్లాస్టర్ వేసి, పైన గ్లవ్ వేసుకోండి. నీలమే ఎందుకంటే వంటలో ఆ రంగు ఏదీ ఉండదు, ఊడి పడితే కనిపిస్తుంది. చీము పట్టినట్టుంటే వంట ముట్టుకోకూడదు, స్టోర్ లెక్కలో, ఇండెంట్ (కావాల్సిన సరుకుల జాబితా) రాతలో చూసుకోండి. ఒక సైట్‌లో ఒకతను మామూలు గోధుమరంగు ప్లాస్టర్ వేసుకుని చపాతీ పిండి కలుపుతున్నాడు. ఆ రంగు పిండిలో ఎవరికి కనిపిస్తుంది?

తెడ్డు_స్టిక్

@హైజీన్_ఆడిటర్ మా ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో నీలంవి ఉన్నాయి. ఎందుకు నీలమో మా కమీలకి చెప్తే ఎవరూ నమ్మలేదు, ఇది చూపిస్తాను.

దోహా_మెస్

మా దగ్గర బొబ్బ వస్తే గ్లవ్ ఇచ్చి ఉల్లిగడ్డలు పొట్టు తీయమంటరు. పని మాత్రం ఆగది.

తెడ్డు_స్టిక్

అందరికీ చాలా థాంక్స్. ఈ వారం జరిగింది చెప్తాను.

హోటల్ హెచ్ఆర్‌తో మాట్లాడాను. ఆఫ్ రోస్టర్ ప్రకారమే, వీకెండ్ ఇవ్వలేం అని మర్యాదగానే చెప్పారు. దాచకుండా చెప్పినందుకు నాకు నచ్చింది. తర్వాత మా కాంట్రాక్టర్ ఏరియా మేనేజర్‌ని కలిశాను. ఆఫర్ ఉందని దాచలేదు. హోటల్ ఇచ్చేంత కాదు కానీ కొంత పెంచుతామన్నారు. నేను రెండు అడిగాను: సైట్ పోతే నన్ను ఐదు రోజుల సైట్‌కే వేయాలని, ఆ మాట లెటర్‌లో ఉండాలని. జీతం పెంపు లెటర్‌లో వచ్చింది. రెండోది "చూద్దాం" దగ్గర ఆగింది. విజయవాడ అక్క చెప్పకపోతే నేను అది అడిగేవాణ్ణే కాదు.

హోటల్‌కి రానని చెప్పేశాను. నాన్నగారు మాట్లాడడం లేదు.

బ్రేక్‌షిఫ్ట్_మాజీ

నేను హోటల్ కష్టాలన్నీ రాసినా ఇది మాత్రం చెప్పాలి. నీ వయసులో ఒక రెండేళ్ళు బాంక్వెట్ చేసుంటే చేతికి వచ్చే పని వేరు. బఫేలో చల్లారిన ఐటమ్ కనపడకుండా ఎలా తీయాలి, ఆరు వందల ప్లేట్లు పావుగంటలో ఎలా లేపాలి, ఇవి కెఫెటేరియాలో రావు. ఇప్పుడు నువ్వు సుఖంగా ఉన్నావు, నలభై దాటాక ఎగ్జిక్యూటివ్ చెఫ్ పోస్టుకి ఇంటర్వ్యూలో "హోటల్ అనుభవం?" అంటారు. తెలిసే వదులుకున్నావు కదా, అది చాలు. నేను మాత్రం వెళ్ళేవాణ్ణి.

చెఫ్_గారి_ఇల్లాలు

వెళ్ళే కదా మీరు కీబోర్డ్ అమ్మేసింది?

బ్రేక్‌షిఫ్ట్_మాజీ

అమ్మలేదమ్మా, మా అమ్మాయి వాయిస్తోంది.

ఆదివారం_బీట్

నాన్నగారిని ఒకసారి షోకి తీసుకెళ్ళండి అన్నా. మా నాన్న కూడా మొదట్లో వచ్చేవాడు కాదు.

తెడ్డు_స్టిక్

పబ్బుకి మా నాన్నని తీసుకెళ్తే ఇప్పుడున్నది కూడా పోతుంది. వినాయక చవితి మంటపంలో వాయించేది ఉంది, అప్పుడు చూస్తాను.

కింది_ఫ్లోర్

బంతుల సంగతి పై అబ్బాయికి చెప్పాను. పాపం మంచివాడే, వెంటనే ఒప్పుకున్నాడు. వడ్రంగి వచ్చి ఎన్ని బంతులు కావాలి, కొత్తవే కొనాలా అని అడుగుతున్నాడు. కిట్ అడుగు భాగం సుమారు నాలుగడుగులకి నాలుగడుగులు.

డబుల్_కిక్

జానెడుకొకటి చొప్పున పెట్టించండి. అంటే ముప్పై నుంచి నలభై మధ్య పడతాయి. కిక్ పెడల్ కింద, స్టూలు కింద కాస్త దగ్గరదగ్గరగా. కొత్తవి అక్కర్లేదు, దగ్గర్లో ఏదైనా టెన్నిస్ కోచింగ్ ఉంటే వాడేసినవి ఇస్తారు. మరీ గాలి పోయి మెత్తబడినవి మాత్రం తీసుకోవద్దు, అబ్బాయి కూర్చోగానే ఒక పక్కకి ఒరుగుతాడు.